హాంకాంగ్ ‘ష్రాఫ్’కీ మన షరాబుకీ సంబంధం ఉందా?

హాంకాంగ్‌లో పార్కింగ్ రుసుము కట్టే గది మీద ‘ష్రాఫ్’ అని ఎందుకు రాసి ఉంటుంది, అది చైనా మాటేనా, మన దగ్గర వినిపించే షరాబు, సరాఫ్ ఇంటిపేర్లకూ దానికీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగారు. సంబంధం ఉంది. చైనా మాట మాత్రం కాదు. అదే బోర్డు మీద ఉండే చైనా అక్షరాలకు ‘రుసుము చెల్లించే చోటు’ అని అర్థం, అంతే. ఉద్యోగం పని మీద వెళ్లినప్పుడు ఆ బోర్డు చూసి నేనూ ఆగిపోయాను. మా తాతగారు హైదరాబాదు చార్‌కమాన్ దగ్గర నగల దుకాణంలో గుమాస్తాగా చేశారు. షరాబుల కబుర్లు వింటూనే పెరిగాను.

మూలం అరబ్బీ. ‘సర్ఫ్’ అంటే డబ్బు మార్చడం, మార్చేవాడు ‘సర్రాఫ్’. పారశీకం మీదుగా ఉర్దూ, హిందీల్లోకి వచ్చి, గుజరాతీలో శరాఫ్, తెలుగులో షరాబు అయింది. పడమటి తీరంలో వ్యాపారానికి దిగిన పోర్చుగీసులు, తర్వాత ఇంగ్లీషువాళ్లు దీన్ని అందుకున్నారు. ఇంగ్లీషు నోట్లో నలిగి ‘ష్రాఫ్’గా మారి, వాళ్ల వర్తకంతో పాటే చైనా రేవులకు చేరింది. అక్కడ 19వ శతాబ్దంలో పెద్ద చెల్లింపులు వెండి కడ్డీలతోనూ, మెక్సికో నుంచి వచ్చిన వెండి డాలర్లతోనూ జరిగేవి. ఏది మంచిదో ఏది కల్తీదో తేల్చే మనిషి లేనిదే ఏ కంపెనీకీ పొద్దు గడవదు. పరీక్షించిన నాణెం మీద చిన్న ముద్ర గుద్దేవారు. అలా ముద్రలు పడి పడి సొట్టలు పోయిన డాలర్లు నాణేలు సేకరించేవాళ్ల దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. తనిఖీ చేసేవాడి చేతి మీదుగానే డబ్బు లోపలికి వెళ్లాలి కనుక, చివరికి డబ్బు పుచ్చుకునేవాడే ష్రాఫ్ అయ్యాడు. హాంకాంగ్‌లో ఆసుపత్రుల్లో కూడా ఈ మాట కనిపిస్తుంది.

షరాబు అంటే చిల్లర మార్చేవాడే అనుకుంటే సగమే తెలిసినట్టు. అతని అసలు విద్య పరీక్ష. తాతగారు చూపించేవారు: రూపాయిని బొటనవేలి గోటి మీద నిలిపి పైకి ఎగరేసి, రాతి పలక మీద పడనిచ్చి చెవి ఒగ్గాలి. మోత సాగితే వెండి. చప్పగా ‘టక్’మని ఆగితే లోపల ఇంకేదో ఉన్నట్టు. తర్వాత అంచు చుట్టూ వేలు తిప్పి, ఎవరైనా అరగదీశారేమో చూడాలి. అరిగిన నాణేనికి, పాత ముద్ర నాణేనికి కొంత తగ్గించి ఇచ్చేవారు. ఆ కోతే బట్టా, మన పాత లెక్కల్లో వట్టం.

హైదరాబాదులో ఈ వృత్తికి గిరాకీ ఎందుకు తగ్గలేదంటే, ఇక్కడ నాణేల గందరగోళం అంతా ఇంతా కాదు. ఒకప్పుడు గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడా టంకశాలలు ఉండేవి, ఒక్కో రూపాయిది ఒక్కో తూకం. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ వాటిని అదుపులోకి తెచ్చాక నిజాం రాజ్యానికి హాలీ సిక్కా అనే సొంత రూపాయి స్థిరపడింది. అయినా సరిహద్దు దాటితే బ్రిటిష్ రూపాయే చెల్లేది. యంత్రం మీద అచ్చయినది కాబట్టి దాన్ని కల్దార్ అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. నూరు కల్దార్లు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు) హాలీలో లెక్కపెట్టాలి. బెజవాడలో పెళ్లి ఉంటే ముందు షరాబు దగ్గరికి వెళ్లాలి, ఆ తర్వాతే రైలు! 1959లో హాలీ చెల్లుబాటు ముగిసింది. తాతగారు మాత్రం చివరిదాకా ధరలు చెబితే ‘హాలీయా, కల్దారా’ అని ఆటపట్టించేవారు.

షరాబులు హుండీలు కూడా రాసేవారు. ఇక్కడ డబ్బు కట్టి కాగితం తీసుకుని, అది చూపించి సూరత్‌లో డబ్బు పుచ్చుకోవచ్చు. (ఇప్పుడు హుండీ అంటే మనకు గుడిలోదే గుర్తొస్తుంది.) 17వ శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఈ దేశంలో షరాబు లేని ఊరంటే మరీ చిన్నదై ఉండాలి అన్న అర్థంలో రాశాడు. అతిశయోక్తి అనిపించవచ్చు కానీ, రకరకాల నాణేల్లో శిస్తు కట్టాల్సిన రైతుకు అటువంటి మనిషి తప్పదు.

నేడు ఆ పనికి దగ్గరగా ఉన్నది పాతబస్తీలో చిరిగిన నోట్లు మార్చేవాళ్లు. నేను ఇచ్చిన అయిదు వందల నోటును ఒకాయన వెలుతురుకు పట్టి, రెండు ముక్కల మీదా నంబరు ఒకటేనా అని చూసి, అంచులు కలిపి, తన కోత ఎంతో చెప్పాడు. బేరం ఆడినా దిగలేదు. బ్యాంకులో నియమాల ప్రకారం ఉచితంగానే మారుస్తారు, ఓపిక ఉంటే అటే వెళ్లండి.

ఇక ఇంటిపేర్ల సంగతి. బొంబాయి పార్శీల ష్రాఫ్, మార్వాడీల సరాఫ్, మన షరాబు, మూడూ ఒకే మాట. అలాగని ఈ మూడు కుటుంబాలకూ చుట్టరికం కలిపేయకండి. వృత్తిని బట్టి ఎక్కడికక్కడ వచ్చిన పేర్లు అవి.