పాత అంబాసిడర్‌కి ఆయిల్ ఫిల్టర్‌తో పనేముంది అంటే ఒప్పుకోకండి

మీ తాతగారి 1976 మార్క్ 3 అంబాసిడర్ ఆరేళ్లుగా కదలకుండా ఉందని, మెకానిక్ ఏమో "చిక్కటి ఆయిల్ పోస్తే చాలండి, పాత బండికి ఫిల్టర్‌తో పనేముంది" అన్నారని రాశారు. దయచేసి ఆ మాట మీద బండి స్టార్ట్ చేయకండి. మా నాన్నగారి బండిదీ అదే 1489 సీసీ ఇంజన్. ఫిల్టర్ దగ్గర జరిగిన ఒక చిన్న పొరపాటు వల్ల దాన్ని మొత్తం దించాల్సి వచ్చింది.

అప్పటికి బోరు చేయించి, కొత్త షెల్స్ (క్రాంకు తిరిగే చోట ఉండే మెత్తటి బేరింగు రేకులు) వేయించి పదిహేను వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ కింది నుంచి దడదడ మొదలైంది. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పితే కనెక్టింగ్ రాడ్ షెల్స్ మీద గోరుకి తగిలేంత గీతలు. ఆయిల్ కాటుకలా ఉంది, కానీ ఫిల్టర్ ఎలిమెంట్ (లోపల వడకట్టే భాగం) మడతల్లో మడ్డి అన్నదే లేదు. అది చూసి నాన్నగారు సంతోషించారు గానీ, విజయవాడ ఆటోనగర్‌లో మా ఇంజన్ చూసిన పెద్దాయన మాత్రం వెంటనే ఫిల్టర్ గిన్నె తెమ్మని అడిగారు. చూస్తే, ఆయిల్ ఎలిమెంట్ గుండా వెళ్లడమే లేదు.

ఈ ఇంజన్‌లో ఫిల్టర్ అంటే ఒక గిన్నె, మధ్యలో పొడవాటి బోల్టు. గిన్నె అడుగున స్ప్రింగు, దాని మీద ఇనుప వాషర్, ఆ పైన ఫెల్టుదో రబ్బరుదో ఒక మెత్తటి వాషర్, ఆపైన ప్లేటు, దాని మీద ఎలిమెంట్ కూర్చుంటాయి. మురికి ఆయిల్ ఎలిమెంట్ బయటి వైపు, శుభ్రమైంది లోపలి వైపు. ఆ మెత్తటి వాషర్ లేకపోతే బోల్టు పక్కన ఉన్న సందులోంచి మురికి ఆయిల్ నేరుగా లోపలికి పోతుంది. అంతకుముందు సర్వీస్ చేసిన షెడ్డులో అది పాత ఎలిమెంట్‌తో పాటు చెత్తలోకి పోయింది. రూపాయి బిళ్లంత వాషర్ అండి! బేరింగు షెల్‌కీ అందులో తిరిగే క్రాంకు ఇరుసుకీ మధ్య సందు మిల్లీమీటర్‌లో వందో వంతులు కొన్ని మాత్రమే, అందులో ఇసుక రేణువు పడితే మెత్తటి షెల్‌లో గుచ్చుకుని క్రాంకుని కూడా గీస్తుంది.

ఇంకో సంగతి, ఎలిమెంట్ బాగా మూసుకుపోయినా ఇంజన్ ఎండిపోకుండా ఒక వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే పంపిస్తుంది. అందుకే ప్రెషర్ బాగుంది కదా అని ఫిల్టర్ మార్చకుండా నడపకూడదు.

మీ బండి ఆరేళ్లు నిలబడింది కాబట్టి ముందు సంపు దించండి. అడుగున పేరుకున్న మడ్డిని కిరసనాయిల్‌తో కడిగి, పంపు ఆయిల్ పీల్చే జాలీని చేత్తో పట్టుకుని వెలుతురుకి పెట్టి చూడండి. ఇది చేయకుండా మురికిని వదిలించే ఇప్పటి డిటర్జెంట్ ఆయిల్ పోస్తే పాత మడ్డి ఊడొచ్చి ఆ జాలీకే అడ్డుపడుతుంది, ఫిల్టర్ దాకా ఆయిల్ చేరనే చేరదు. తర్వాత 20డబ్ల్యూ-50 ఆయిల్ చాలు, అంతకంటే చిక్కటిది పోస్తే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పైకి ఎక్కడానికే టైమ్ పడుతుంది.

ఫిల్టర్ మార్చేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. గిన్నె పైఅంచు కూర్చునే గాడిలో పాత రబ్బరు రింగు గట్టిపడి అతుక్కుని ఉంటుంది, అది లోహమే అనిపిస్తుంది. సూదితో పొడిచి తీయించండి, దాని మీదే కొత్తది పెడితే రోడ్డు మీద ఆయిల్ మొత్తం కారిపోతుంది. బిగించాక స్పార్క్ రాకుండా కాయిల్ వైరు పీకి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ఇంజన్‌ని స్టార్టర్‌తో ఉత్తినే తిప్పి, ఆ వైరు మళ్లీ పెట్టి, అప్పుడు స్టార్ట్ చేయండి.

మొదటి ఎలిమెంట్‌ని 500 కిలోమీటర్లకే తీసేయండి, ఆ తర్వాత 5,000కి గానీ, తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి గానీ మార్చుకోవచ్చు. తీసిన ఎలిమెంట్‌ని పారేయకుండా బ్లేడుతో కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి, అయస్కాంతం కూడా తిప్పండి. నల్లటి మడ్డి ఉంటే భయం లేదు. రాగి రంగు మెరుపు కనిపిస్తే మాత్రం బండి అక్కడే ఆపేసి షెల్స్ చూపించండి, అప్పటికి క్రాంకు ఇంకా బాగానే ఉండొచ్చు.