మా అబ్బాయికి బ్యాట్‌మ్యాన్‌ను ఎక్కడ మొదలుపెట్టించాలి: కామిక్సా, సినిమాలా, గేములా?

1992లో వచ్చిన కార్టూన్‌తో మొదలుపెట్టండి. పేరు "బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్". పిల్లవాడికి పదకొండేళ్లన్నారు, ఏది ముందు ఏది వెనక అని ఇంటర్నెట్‌లో జాబితాలు చూసి తల తిరిగిందన్నారు. ఆ జాబితాలు పక్కన పడేయండి. 1939 నాటి మొదటి కామిక్ నుంచి తేదీల వారీగా చదవమనేవాళ్లలో ఒక్కరు కూడా అలా చదివి ఉండరని నా గట్టి నమ్మకం.

మీది భీమవరం, మాది వశిష్ఠకు ఇవతల కోనసీమ. ఒకే పాత్రను నలుగురు నాలుగు రకాలుగా వేస్తే అయోమయపడే ప్రాంతం కాదు మనది. తిరుపతి వెంకట కవుల నాటకం ఆడిన రాత్రి పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మరో కృష్ణుడు వచ్చేవారు. ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి, ఒకాయనకు బొజ్జ. తెర పడి లేచేలోపు మనిషి మారిపోయినా, చాపల మీద కూర్చున్నవాళ్లలో ఎవరూ ఇందాకటి కృష్ణుడేడని అడగలేదు. పద్యం ఎత్తుకున్న తీరులో కృష్ణుడు కనిపిస్తే చాలు. సినిమాల్లో ఆ వేషం వేసిన మైఖేల్ కీటన్, క్రిస్టియన్ బేల్, వీళ్లలో అసలు బ్యాట్‌మ్యాన్ ఎవరని మీ అబ్బాయి అడిగితే ఈ సంగతే చెప్పండి. అయితే మొదటిసారి చెవిన పడే గొంతు మాత్రం గొప్పదై ఉండాలి. అది కెవిన్ కాన్రాయ్ గొంతు. ఆయన ఉన్నది ఆ కార్టూన్‌లో.

మా అమ్మ నాన్నగారు ఆ రాయబారం కృష్ణుడే. ఊరూరా వేషం కట్టిన మనిషి. 2022 జూలై వరదలో నేను లంకలో ఆయన ఇంట్లోనే చిక్కుకుపోయాను. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. వీధి నిండా నీళ్లు, కింది గదుల సామానంతా మేడ మీద, పాల ప్యాకెట్లూ మంచినీళ్లూ పడవ మీద. కరెంటు లేదు. పక్కింటి పిల్లలు కూడా మా మేడ మీదే ఉన్నారు. వాళ్లను కాసేపు కదలకుండా కూర్చోబెట్టడానికి, లాప్‌టాప్‌లో చార్జి ఉన్నంతసేపు చూద్దామని ఆ కార్టూన్‌లోని "హార్ట్ ఆఫ్ ఐస్" ఎపిసోడ్ పెట్టాను. తాతయ్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు, ఇంగ్లీషు రాదు. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు.

కథ ఇది. విక్టర్ ఫ్రైస్ ఒక శాస్త్రవేత్త. భార్య నోరాకు నయం కాని జబ్బు. మందు దొరికేవరకూ ఆమెను మంచులో నిద్రపుచ్చి ఉంచుతాడు. ఖర్చు దండగని కంపెనీ యజమాని బోయిల్ వచ్చి ఆపేయిస్తాడు, అడ్డుపడిన ఫ్రైస్‌ను తన్నుతాడు. రసాయనాల మీద పడ్డ ఫ్రైస్ అప్పటి నుంచి గడ్డకట్టే చలిలో తప్ప బతకలేడు. మిస్టర్ ఫ్రీజ్ అనే పేరుతో ఆ బోయిల్ మీద పగ తీర్చుకోవడానికి బయలుదేరతాడు. బ్యాట్‌మ్యాన్‌కు ఆ రోజు జలుబు. ఇంట్లో నౌకరు ఆల్‌ఫ్రెడ్ కట్టి ఇచ్చిన చికెన్ సూప్ ఫ్లాస్కుతోనే చివరికి ఫ్రైస్ తలమీది గాజు కవచం పగలగొడతాడు. పిల్లలు అక్కడ చప్పట్లు కొట్టారు.

మధ్యలో ఎక్కడో తాతయ్య ఇటు తిరిగారు. "ఒరే, ఆ మాట్లాడేవాడు ఒక్కడే, ఇద్దరుగా మాట్లాడుతున్నాడు. స్టేజీ ఎక్కినవాడే అయి ఉంటాడు, కనుక్కో" అన్నారు. బొమ్మ చూడకుండా, భాష తెలియకుండా! ముసుగు లేనప్పుడు బ్యాట్‌మ్యాన్ అంటే కోటీశ్వరుడు బ్రూస్. ఆ బ్రూస్‌గా బోయిల్ ముందు తేలికగా మాట్లాడే గొంతు ఒకటి, ముసుగు వేసుకున్నాక అడుగు నుంచి వచ్చే గొంతు ఇంకొకటి. ఆ రెండూ ఒకే మనిషివని పట్టేశారు. కాన్రాయ్ న్యూయార్క్‌లోని పేరున్న కళల విద్యాలయం జూలియార్డ్‌లో నటన నేర్చుకుని షేక్‌స్పియర్ నాటకాలు ఆడినవాడే. పైగా ఆ సిరీస్‌కు వాయిస్ డైరెక్టర్ ఆండ్రియా రొమానో నటులందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకరి మాటకు ఒకరు బదులిచ్చేలా రికార్డు చేయించేవారు. షర్లీ వాకర్ ఆధ్వర్యంలో నిజమైన ఆర్కెస్ట్రాతో సంగీతం చేశారు. ఇవన్నీ నాటకం పద్ధతులు. తాతయ్య చెవికి అందినవి అవే.

చివరి సీనులో ఫ్రైస్ జైలు గదిలో ఒంటరిగా కూర్చుని, గాజు బుడగలో తిరిగే చిన్న నర్తకి బొమ్మను పట్టుకుని, భార్యను క్షమించమని అడుగుతాడు. ఆ గొంతు మైఖేల్ అన్సారాది. ఎత్తూ పల్లమూ లేకుండా, చల్లగా, ఒకే స్థాయిలో సాగుతుంది. అది అయ్యేసరికి తాతయ్య లేచి కూర్చున్నారు. "అది మళ్లీ పెట్టు" అన్నారు. ఆయన పద్యానికి జనం వన్స్‌మోర్ కొట్టిన రోజులు నేను చిన్నప్పుడు చూశాను, ఆయన ఇంకొకరికి కొట్టడం అదే చూడటం. "రాగం తీయకుండా ఏడిపించాడురా వీడు" అన్నారు. తర్వాత "ఆవిడ బతికిందా?" అని అడిగారు. 1998లో వచ్చిన యానిమేషన్ సినిమాలో బతుకుతుందని చెప్పాను. అప్పుడుగాని మళ్లీ పడుకోలేదు.

ఇంతా చేసి ఆ ఫ్రైస్ 1959లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు మిస్టర్ జీరో అనే ఒక మామూలు దొంగ. చేతిలో మంచు తుపాకీ, ప్రయోగంలో జరిగిన ఒక ప్రమాదం తప్ప వెనక కథ లేదు. 1966 టీవీ సీరియల్‌లో మిస్టర్ ఫ్రీజ్ అని పేరు మార్చారు. మనసు పెట్టింది మాత్రం కార్టూన్‌కు రాసిన పాల్ డీని. ఆ రచనకు అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది. కామిక్స్ వాళ్లు ఆ కథనే తెచ్చుకున్నారు. 1997 సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌కు అదే నోరాను ఇచ్చి, నోరు తెరిస్తే మంచు మీద జోకులు వేయించి పాడుచేశారు. దాన్ని నేను క్షమించలేను. గేములో మళ్లీ న్యాయం జరిగింది. 2011 నాటి "ఆర్కమ్ సిటీ" రాసిందీ డీనియే. అందులో ఫ్రీజ్‌ను ఒకసారి కొట్టిన పద్ధతిలో రెండోసారి కొట్టలేం, వెంటనే దానికి విరుగుడు చేసేసుకుంటాడు. అతను శాస్త్రవేత్త అన్న సంగతి మాటల్లో చెప్పనక్కర్లేకుండా ఆట నియమంలోనే పెట్టారు. బ్యాట్‌మ్యాన్ గొంతు అక్కడా కాన్రాయ్‌దే. విలన్ జోకర్ జోడీ హార్లీ క్విన్ అయితే ఆ కార్టూన్‌లోనే పుట్టి, 1993లో కామిక్స్‌లోకి, 2016లో మార్గో రాబీతో సినిమాలోకి వెళ్లింది. కార్టూన్ చూసినవాడికి మిగతావన్నీ ఎక్కడివో తెలిసిపోతాయి.

మన దగ్గర యానిమేషన్‌ను సినిమాకు తోకగానో ప్రచారానికో వాడుతున్నారు. బాహుబలి హిట్టయ్యాక దానికొక కార్టూన్, కల్కి విడుదలకు ముందు దానికొకటి. ముందు కార్టూన్‌లో ఒక పాత్రను పుట్టించి, ఆ తర్వాత దాని కోసం సినిమా తీసే ధైర్యం ఎవరికైనా ఉందా? "ఈ వయసులో బొమ్మలేమిటి" అని పెళ్లిళ్లలో నన్ను అడిగిన పెద్దలే 2025లో "మహావతార్ నరసింహ"కు కుటుంబాలతో వెళ్లి దండం పెట్టుకుని వచ్చారు. జనం బొమ్మలు చూడరన్న సాకు ఇక చెల్లదు.

నా అసలు బాధ డబ్బింగ్. తెలుగులో పిల్లల చానళ్లలో విలన్ అంటే గొంతు నొక్కి కీచుమనిపిస్తారు, ఒక సీజన్‌లో ఉన్న గొంతు ఇంకో సీజన్‌లో ఉండదు. అమెరికాలో స్టేజీ నటుడికి బ్యాట్‌మ్యాన్ ఇచ్చారు. రాజోలు నుంచి పాలకొల్లు దాకా పద్యం ఊపిరి తెలిసిన గొంతులు ఎన్నో ఉన్నాయి, పని లేక ఇళ్లలో కూర్చున్నాయి. హైదరాబాద్ స్టూడియోల వాళ్లు వాళ్లను పిలిచి ఒక్క దుర్యోధనుడి చేత ఒక్క ఫ్రీజ్ వేయించి చూడాలి.

అందాకా మీ అబ్బాయికి ఇంగ్లీషులోనే చూపించండి, పక్కన కూర్చుని అందని చోట చెప్పండి. మొత్తం 85 ఎపిసోడ్లు. తర్వాత అదే కార్టూన్ నుంచి 1993లో థియేటర్లకు వచ్చిన సినిమా "మాస్క్ ఆఫ్ ది ఫాంటజమ్". ఆర్కమ్ గేములు పదమూడు నిండాక ఇవ్వండి, వాటిలో "ఆర్కమ్ నైట్" మాత్రం పదిహేడు దాటాకే. ఏదైనా ఫోనులో వద్దు, టీవీకి పెట్టి సౌండు పెంచండి.