కారు ఆక్సిజన్ సెన్సర్ పోతే కంపెనీదే వేయించాలా, బయటిది సరిపోతుందా?

కంపెనీ డబ్బాలోదే కొనక్కర్లేదు, ఆ సెన్సర్‌ని అసలు తయారుచేసే సంస్థదే మీ మోడల్ పార్ట్ నంబరు చూసి బయట కొనుక్కోవచ్చు, కానీ పేరూ ఊరూ లేని చౌక రకం మాత్రం అస్సలు వద్దు.

కార్ల కంపెనీలు చాలావరకు సెన్సర్లు సొంతంగా తయారు చేయవు. బాష్, డెన్సో, ఎన్‌టీకే లాంటి వాళ్ల దగ్గర తీసుకుని తమ పేరున్న డబ్బాలో అమ్ముతాయి, రేటు పెరిగేది అక్కడే.

మరి చౌకది ఎందుకు వద్దంటే, ఉదాహరణకు మామూలు జిర్కోనియా రకం ఆక్సిజన్ సెన్సర్ ఇంజిన్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య సిగ్నల్ పంపుతుంది, ఈసీయూ (ఇంజిన్‌ని నియంత్రించే కంప్యూటర్) దాన్ని నమ్మే పెట్రోలు ఎంత వదలాలో సరిచేస్తుంది. నాసిరకం సెన్సర్ ఆలస్యంగా స్పందించినా, లోపలి హీటర్ సరిగ్గా వేడెక్కకపోయినా మైలేజీ పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు మళ్లీ వెలుగుతుంది. కనెక్టర్ పట్టినంత మాత్రాన సరైనదని కాదు, వైడ్‌బ్యాండ్ అనే మరో రకం సెన్సర్ పని తీరే వేరు, ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు.

బయట దొరికేదంతా డూప్లికేట్ అనుకోవడం పొరపాటు. ఆఫ్టర్‌మార్కెట్ (కార్ల కంపెనీ కాకుండా వేరే సంస్థ తన పేరుతోనే అమ్మే పార్ట్) వేరు, నకిలీ వేరు. నకిలీలు పెద్ద కంపెనీల డబ్బాల్లోనూ వస్తాయి, కాబట్టి బిల్లూ వారంటీ ఇచ్చే షాపులోనే తీసుకోండి.