కొత్త బ్యారెల్, పోత బుల్లెట్: కొలత ఎక్కడ తప్పుతోంది?

పిస్టల్‌కి వేరే కంపెనీ బ్యారెల్ (తుపాకీ గొట్టం) వేసుకుని, ఇంట్లో రీలోడ్ చేసిన (కాల్చిన బ్రాస్‌లో, అంటే తూటా ఇత్తడి గొట్టంలో, మళ్ళీ మందు నింపి బుల్లెట్ బిగించిన) తూటాలు, పోత పోసిన సీసం బుల్లెట్లు కాల్చడం గురించి అమెరికాలోని పాఠకులు వరుసగా రాస్తున్నారు. అడిగేవి వేరువేరు ప్రశ్నలైనా సగానికి పైగా ఒకే చోట ముడిపడి ఉన్నాయి. బుల్లెట్‌ని, అంటే తూటా కొసన ఉండి బయటికి దూసుకెళ్ళే ముక్కని, డబ్బాలో ఉండగానే కొలుస్తున్నారు గానీ, తూటా తయారయ్యాక కొలవడం లేదు.

*ప్రశ్న: నా దగ్గర నాలుగో తరం గ్లాక్ 17 పిస్టల్ ఉంది. దాంట్లో సీసం బుల్లెట్లు వాడకూడదని కొందరు, ఏళ్ళ తరబడి వాడుతున్నామని కొందరు అంటున్నారు. వేరే బ్యారెల్ కొనాల్సిందేనా? కొన్నాక ఏం చూసుకోవాలి? (ఫ్రిస్కో, టెక్సస్)*

జవాబు: కొనమనే మా సలహా. మామూలు రైఫ్లింగ్‌లో (బ్యారెల్ లోపలి మెలికల చెక్కుడు) గట్లు, గాళ్ళు విడివిడిగా, పదునైన అంచులతో ఉంటాయి. గట్టు బుల్లెట్‌లోకి దిగి దాన్ని పట్టి తిప్పుతుంది. మీ గ్లాక్‌తో వచ్చిన బ్యారెల్‌లో ఉన్నది పాలిగోనల్ రైఫ్లింగ్. 9 ఎంఎంలో లోపలి ఆకారం గుండ్రటి మూలలున్న షడ్భుజి. రాగి జాకెట్ ఉన్న బుల్లెట్‌కి అది చక్కగా సరిపోతుంది. మెత్తటి సీసం మాత్రం అక్కడ పట్టు దొరక్క జారితే, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ముందు భాగంలో పొరలు పొరలుగా అంటుకుంటుంది. పొర మందమయ్యే కొద్దీ దారి ఇరుకై పీడనం పెరుగుతుంది. పెరిగిన సంగతి చేతికి తెలియదు. సీసం బుల్లెట్లు వాడవద్దని గ్లాక్ చెప్పేది ఇందుకే. రీలోడ్ తూటాలనూ ఆ కంపెనీ ఒప్పుకోదు. కాబట్టి బ్యారెల్ మార్చినంత మాత్రాన రీలోడ్‌ల విషయంలో వారంటీ తిరిగి రాదు. వాడుతున్నామని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. సరిగ్గా సరిపోయే బుల్లెట్ వేసి, తరచుగా బ్యారెల్ విప్పి చూసి, శుభ్రం చేస్తూ నడుపుకొస్తున్నారు. ఒక్కసారి మరిచిపోతే ఆ లెక్క తప్పుతుంది.

కొత్త బ్యారెల్ రాగానే పిస్టల్ ఖాళీగా ఉందో లేదో మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌లో వేలు పెట్టి చూడండి. బ్యారెల్ బిగించి స్లైడ్‌ని (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మెల్లగా ముందుకు వదలండి. నెట్టకుండానే పూర్తిగా మూసుకోవాలి. మూసుకున్నాక బ్యారెల్ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే కిందికి ఆడకూడదు. తర్వాత మందు, ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత) లేని డమ్మీ తూటాలు ఓ పది నడిపి చూడండి. మొదటి 50 నుంచి 100 వరకు కంపెనీ తయారు చేసిన జాకెట్ తూటాలే కాల్చండి. ఆ తూటాలకే ఇబ్బంది వస్తే బ్యారెల్ సంగతి చూడాలి, రావడం లేదంటే మీ తూటా సంగతి చూడాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా పోత బుల్లెట్లకి వెళ్తే తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు.

బుల్లెట్ కొనే ముందు బ్యారెల్‌ని స్లగ్ చేయండి, అంటే సీసపు గుండు దూర్చి లోపలి కొలత తీయండి. విప్పి శుభ్రం చేసిన బ్యారెల్‌లో చుక్క నూనె వేసి, బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం) కంటే రవ్వంత లావుగా ఉన్న చేపల గేలం సీసపు గుండుని కొయ్య సుత్తితో మూతి దగ్గర లోపలికి కొట్టండి. ఆపైన గట్టి కొయ్య కడ్డీతో తోస్తూ ఛాంబర్ వైపు బయటికి తీయండి. గుండు స్వచ్ఛమైన మెత్తటి సీసంది కావాలి. గట్టి మిశ్రమమైతే బయటికి రాగానే కాస్త వ్యాకోచించి తప్పు కొలత చూపిస్తుంది. ఎదురెదురు గాళ్ళ మధ్య కొలతని మైక్రోమీటర్‌తో తీసుకోండి. ఈ పనికి కాలిపర్‌ని నమ్మొద్దు. కొలత 0.355 అంగుళం వస్తే 0.356 బుల్లెట్, 0.356 వస్తే 0.357 బుల్లెట్ వాడండి. పోత సీసం బుల్లెట్ ఎప్పుడూ గాడి కంటే వెయ్యో వంతు అంగుళం లావుండాలి. .40 రకం తూటాకి మామూలుగా 0.401, .45 రకానికి 0.452 సరిపోతాయి.

*ప్రశ్న: కొత్త బ్యారెల్ వేసినప్పటి నుంచి నా రీలోడ్ తూటాల్లో పదికి రెండు మూడు లోపలికి పూర్తిగా పోవడం లేదు. స్లైడ్ కాస్త తెరుచుకునే ఆగిపోతోంది. పాత బ్యారెల్‌లో ఇవే తూటాలు హాయిగా నడిచాయి. బ్యారెల్ వెనక్కి పంపెయ్యనా? (షార్లెట్, నార్త్ కరోలినా)*

జవాబు: ఆగండి, పంపొద్దు. ముందుగా ఒక మాట. ఆగిన స్లైడ్‌ని అరచేత్తో కొట్టి మూయకండి. ఇరుక్కున్న తూటా లోపల ఇంకా బిగుసుకుంటుంది. తుపాకీ మూతి టార్గెట్ వైపే ఉంచి, మ్యాగజైన్ తీసి, తూటాని వెనక్కి లాగేయండి.

గ్లాక్ ఛాంబర్ కావాలనే కాస్త వదులుగా ఉంటుంది. బురదలోనైనా, ఏ దేశపు తూటాతోనైనా నడవాలని దాని ఉద్దేశం. బయటి కంపెనీల బ్యారెల్‌లో ఛాంబర్ బిగువుగా ఉంటుంది. బ్రాస్ కింది భాగానికి ఆధారం కూడా ఎక్కువ. మీరు డబ్బు పెట్టింది ఆ బిగువుకే. పాత ఛాంబర్ మన్నించిన తప్పులన్నిటినీ ఇది పట్టి చూపిస్తుంది.

బ్యారెల్ విప్పి, ఛాంబర్ పైకి ఉండేలా నిలువుగా పట్టుకోండి. తయారైన తూటాని అందులోకి వదలండి. ‘టక్’మని చప్పుడు చేస్తూ కూర్చోవాలి, వేళ్ళతో తిప్పితే నునుపుగా తిరగాలి, బ్యారెల్ తిరగేస్తే తనంతట తాను జారి పడాలి. ఈ మూడిట్లో ఏదొక్కటి తప్పినా ఆ తూటా కాల్చడానికి పనికిరాదు. తప్పినదాన్ని నల్ల మార్కర్‌తో ఒళ్ళంతా పూసి మళ్ళీ వేసి, కాస్త తిప్పి తీయండి. రంగు ఎక్కడ చెరిగిందో చూడండి.

బుల్లెట్ భుజం మీద చెరిగితే, రైఫ్లింగ్ మొదలయ్యే చోటుకి బుల్లెట్ తగులుతోందన్నమాట. ఇంకాస్త లోపలికి కూర్చోబెట్టాలి. అయితే 9 ఎంఎం బ్రాస్ చాలా చిన్నది. 0.030 అంగుళం లోపలికి దించితే మందుకి మిగిలే చోటు బాగా తగ్గిపోయి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి పొడవు తగ్గిస్తే పాత మందు కొలత చెల్లదు. లోడింగ్ మాన్యువల్‌లో ఆ బుల్లెట్‌కి ఇచ్చిన ప్రారంభ కొలత నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. 9 ఎంఎం తూటా గరిష్ఠ పొడవు 1.169 అంగుళాలు. పోత బుల్లెట్లు చాలావరకు దీనికంటే బాగా తక్కువలోనే కూర్చుంటాయి.

రంగు బ్రాస్ అంచు దగ్గర చెరిగితే, బుల్లెట్ పెట్టడానికి విప్పిన అంచు పూర్తిగా మూసుకోలేదు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. బ్రాస్ గోడ మందం 0.011 అంగుళం. రెండు పక్కలా కలిపి 0.022. దానికి 0.356 బుల్లెట్ కలిపితే 0.378. అంచు దగ్గర గరిష్ఠ కొలత 0.380. అంటే మీకు మిగిలింది రెండు వెయ్యో వంతులు. అదే 0.358 బుల్లెట్‌ని 0.012 గోడ ఉన్న బ్రాస్‌లో పెడితే 0.382 అవుతుంది. ఏ బిగువు ఛాంబర్‌లోనూ దిగదు. అందుకే టేపర్ క్రింప్‌తో ఆ విప్పిన అంచుని చదును చేస్తే చాలు, 0.377–0.379 దగ్గర ఆపేయండి. ఈ తూటా ఛాంబర్‌లో నిలబడేది బ్రాస్ అంచు మీదే. రోల్ క్రింప్ చేసి అంచుని లోపలికి మడిస్తే ఆ ఆధారమే పోతుంది.

బ్రాస్ అడుగున, కింది అంచుకి కాస్త పైన చెరిగితే సైజింగ్ డై (బ్రాస్‌ని నొక్కి పాత కొలతకి తెచ్చే అచ్చు) చివరిదాకా దిగలేదు. డైని షెల్‌హోల్డర్‌కి (బ్రాస్ అడుగుని పట్టుకునే భాగం) తగిలేలా దించండి. .40 బ్రాస్‌లో అయితే ఒక పక్కకి పొట్టలా ఉబ్బు కనిపిస్తుంది. పాత వదులు ఛాంబర్లలో ఆధారం లేని చోట సాగినది అది. కొద్దిపాటి ఉబ్బుని, బ్రాస్ ఒక వైపు నుంచి రెండో వైపుకి పూర్తిగా దూరిపోయే డైతో సరిచేస్తారు. ఆ పద్ధతి తిన్నటి గోడలున్న .40, .45కే. 9 ఎంఎం బ్రాస్ కిందికి పోయే కొద్దీ లావవుతుంది కాబట్టి దానికి ఆ డై పనికిరాదు. నవ్వుతున్న పెదవిలా స్పష్టమైన గీత పడిన బ్రాస్‌ని సరిచేయొద్దు, శ్రావణంతో నలిపి పారేయండి.

*ప్రశ్న: బ్యారెల్ స్లగ్ చేస్తే 0.355 వచ్చింది. 0.356 పోత బుల్లెట్లే కొన్నాను. అయినా వంద తూటాలకే సీసం పేరుకుంటోంది. ఇంకా గట్టి బుల్లెట్లకి మారాలా? (ఫీనిక్స్, ఆరిజోనా)*

జవాబు: మారొద్దు. ముందు ఆ సీసం ఎక్కడ పేరుకుందో చూడండి. ఛాంబర్ ముందే ఉంటే బుల్లెట్ సన్నగా ఉంది, దాని పక్కల నుంచి మండే వాయువు దూసుకుపోయి సీసాన్ని కోస్తోంది. మూతి వైపు ఉంటే బుల్లెట్‌కి పట్టించిన మైనం దారిలోనే అయిపోయింది. పొడుగునా గట్ల అంచుల వెంట ఉంటే బోరు గరుకుగా ఉండొచ్చు.

మీది మొదటి రకమైతే, మీరు కొన్నది 0.356 కావచ్చు గానీ కాల్చేది 0.356 కాదని మా అనుమానం. ఒక తూటాని సుత్తి పుల్లర్‌లో (బుల్లెట్‌ని ఊడదీసే సుత్తి లాంటి పనిముట్టు) పెట్టి విప్పండి. బుల్లెట్ తీసి అడుగు భాగాన్ని మైక్రోమీటర్‌తో కొలవండి. 0.354 వస్తే దొంగ దొరికినట్టే. ఇది రెండు చోట్ల జరుగుతుంది. జాకెట్ బుల్లెట్ కోసం చేసిన ఎక్స్‌పాండర్ (బ్రాస్ మూతిని విప్పే కడ్డీ) బ్రాస్‌ని లోపల తగినంత వెడల్పు చేయదు. దాంతో ఇత్తడే సీసాన్ని నొక్కేస్తుంది. రెండోది, చివర్లో కార్బైడ్ రింగు ఉన్న ఫ్యాక్టరీ క్రింప్ డై. తయారైన తూటా మొత్తాన్ని అది మళ్ళీ సైజు చేస్తుంది. జాకెట్ బుల్లెట్‌కి పరవాలేదు. సీసానికైతే లోపల బుల్లెట్‌ని సన్నబరిచి వదులుతుంది. ఇత్తడి కాస్త వెనక్కి లేస్తుంది, సీసం లేవదు. దాని బదులు మామూలు టేపర్ క్రింప్ డై వాడండి. ఎక్స్‌పాండర్‌ని పోత బుల్లెట్ కోసం చేసిన, మెట్టున్న పొడవాటి ప్లగ్‌తో మార్చండి. ఫిర్యాదులన్నీ ఈ రెండు మార్పులతోనే పోతాయని గట్టిగా చెప్పలేం గానీ, మేమైతే మొదట ఇక్కడే చూస్తాం.

ఇక గట్టిదనం. ఆంటిమొనీ 6, తగరం 2, సీసం 92 పాళ్ళ మిశ్రమం దాదాపు 16 బ్రినెల్ (గట్టిదనాన్ని చెప్పే అంకె) ఉంటుంది. 9 ఎంఎంకి అది చాలు. గరిష్ఠ పీడనం 21,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటని .45కి 10–12 ఉన్నా సుఖంగా నడుస్తుంది. బ్రినెల్ అంకెని 1,422తో గుణిస్తే, ఏ పీడనం దగ్గర బుల్లెట్ అడుగు వెడల్పై గాడిని మూస్తుందో సుమారుగా తెలుస్తుంది. 22 బ్రినెల్‌కి అది 31,000 పైనే. సన్నగానూ గట్టిగానూ ఉన్న బుల్లెట్ తేలికపాటి లోడ్‌లో వెడల్పు కాదు, వాయువుని ఆపదు. గట్టి బుల్లెట్‌కి మారితే సీసం ఎక్కువయ్యేది అందుకే.

పేరుకున్న సీసాన్ని జాకెట్ తూటాలు కాల్చి వదిలిద్దామనుకోవద్దు. ఇరుకైన దారిలోకి గట్టి బుల్లెట్‌ని పంపడమే అవుతుంది. అరిగిన బ్రష్‌కి రాగి పీచు చుట్టి పొడిగా పది పదిహేనుసార్లు తోయండి, రేకులు రేకులుగా ఊడి వస్తుంది. పీచు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది రాగి పూత పూసిన ఇనుము, బోరు గీసుకుపోతుంది. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పోసే చిట్కా జోలికి పోకండి. సీసం కరిగి విషపు ఉప్పుగా మారుతుంది, ఉక్కు కూడా దెబ్బతింటుంది.

*ప్రశ్న: మావారు గరాజ్‌లో సీసం కరిగించి బుల్లెట్లు పోస్తున్నారు. మాకు మూడేళ్ళ పాప ఉంది. జాగ్రత్తగానే ఉన్నానంటారు. ఏమేం అడగాలి? (కమ్మింగ్, జార్జియా)*

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. కరిగిన సీసం ఆవిరి గురించి అందరూ భయపడతారు. నిజానికి 370–400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి చాలా తక్కువ. ప్రమాదమల్లా పైన తేలే బూడిదరంగు పొడి, కాల్చిన బ్రాస్‌ని పొడి టంబ్లర్‌లో (దొర్లించి శుభ్రం చేసే యంత్రం) తిప్పినప్పుడు లేచే దుమ్ము. ప్రైమర్‌లోనూ సీసం ఉంటుంది. ఆ దుమ్ము బూట్లకి అంటి కార్పెట్ మీదికి వస్తుంది, అక్కడ పాప పాకుతుంది, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటుంది.

పోత పని ఆరుబయట చేయమనండి. టంబ్లింగ్ నీళ్ళతో చేస్తే దుమ్ము లేవదు. ఆ పనికి వేరే బూట్లు, వేరే బట్టలు, ఉతకడం కూడా విడిగా. మనం చేత్తో అన్నం కలుపుకు తినేవాళ్ళం. గోళ్ళ సందుల్లో ఉన్నది నేరుగా లోపలికి పోతుంది. కాబట్టి సబ్బుతో, చల్లటి నీళ్ళతో, గోళ్ళు బ్రష్‌తో తోముకుని గానీ కంచం ముందు కూర్చోకూడదు. ఒకసారి అటు వెళ్ళిన గరిటె, గిన్నె వంటింట్లోకి తిరిగి రాకూడదు. బుల్లెట్లకి పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) కోసం వాడే టోస్టర్ అవెన్ కూడా అంతే. కరిగిన సీసంలో నీటి చుక్క పడితే అంతా పేలినట్టు చిమ్ముతుంది, పాపని ఆ దరిదాపులకి రానివ్వొద్దు. పిల్లల డాక్టర్‌ని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటర్‌కి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది. మీవారికీ చేయించండి, తనకే ఎక్కువ వచ్చే అవకాశం ఉంది.

*ప్రశ్న: హెచ్–1బీ మీద ఉన్నాను. స్నేహితుడి రీలోడింగ్ ప్రెస్ మా ఇంట్లో పెట్టుకుని తూటాలు చేసుకోవచ్చా? (ఎడిసన్, న్యూజెర్సీ)*

జవాబు: తూటాలు మీ దగ్గర ఉండటమే సమస్య. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం. హెచ్–1బీ, హెచ్–4, ఎల్–1, ఎఫ్–1 అన్నీ అందులోకే వస్తాయి. గడువు దాటని వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. రాష్ట్ర నిబంధనలు వేరే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఒక్క తూటా కూడా ఇంట్లో పెట్టుకోకండి.

*ప్రశ్న: .40 గ్లాక్ 23లో గ్లాక్ 19 బ్యారెల్ వేస్తే 9 ఎంఎం కాల్చవచ్చు కదా? (ఆస్టిన్, టెక్సస్)*

జవాబు: పట్టినట్టే ఉంటుంది గానీ వద్దు. 9 ఎంఎం బ్యారెల్ బయటి కొలతలు చిన్నవి, .40 స్లైడ్‌లో సరిగా బిగుసుకోదు. ఆ స్లైడ్ కోసమే చేసిన కన్వర్షన్ బ్యారెల్ కొనండి, 9 ఎంఎం మ్యాగజైన్ వాడండి. రెండు రకాల తూటాలు బెంచి మీద ఒకేసారి పెట్టకండి.

*ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ పాత బ్యారెల్, కొన్ని ఖాళీ బ్రాస్ గుర్తుగా తెస్తానంటున్నాడు. తేవచ్చా? (హైదరాబాద్)*

జవాబు: వద్దని ఈరోజే ఫోన్ చేయండి. 1959 ఆయుధ చట్టంలో తుపాకీ భాగాలు, తూటా భాగాలు కూడా ఆయుధాలు, తూటాల కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా తెస్తే శంషాబాద్‌లో దిగగానే కేసు. పైగా అమెరికా నుంచి బ్యారెల్ బయటికి పంపడానికి అక్కడి ఎగుమతి నిబంధనలూ ఉన్నాయి. ఇంకొకటి. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగుని ప్రయాణానికి వాడొద్దనండి. వాడక తప్పకపోతే ప్రతి అర తిరగేసి, కుట్ల సందుల్లో వేలు పెట్టి వెతకాలి. మరిచిపోయిన ఒక్క తూటా స్కానర్‌లో కనపడి విమానం ఎక్కాల్సినవాళ్ళు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళిన సందర్భాలు మన విమానాశ్రయాల్లో కొత్త కాదు.