ఉద్యోగం మానేసి ఫర్నిచర్ చేసుకుని బతకవచ్చా?

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నాలుగేళ్లుగా శని, ఆదివారాలు చెక్కపని చేస్తున్నానని, ఓ కాఫీ టేబుల్, ఓ బుక్ షెల్ఫ్, రెండు స్టూళ్లు చేశానని రాశారు. రాజీనామా చేసి టేకు ఫర్నిచర్ మీదే బతకవచ్చా అని అడిగారు. తొమ్మిదేళ్ల కింద నేనూ మీలాగే ఉద్యోగం మానేశాను. బతకవచ్చు. కానీ రాజీనామాకు ముందు మీరు చేసిన కాఫీ టేబుల్‌నే ఇంకో మూడుసార్లు చేయండి. ప్రతిసారీ ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి.

నా మొదటి ఆర్డర్ ఆరడుగులు, మూడడుగుల డైనింగ్ టేబుల్. టేకు 4 ఘనపుటడుగులు పట్టింది, అప్పుడు నాకు పడిన ధర 3,200 చొప్పున 12,800 రూపాయలు. పాలిష్, ఫెవికాల్, స్క్రూలు కలిపి ఇంకో 4,000. టేబుల్ 45,000కు ఇచ్చాను. 28,200 మిగిలిందని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. తీరా లెక్క చూస్తే 110 గంటల పని. అంటే గంటకు 256 రూపాయలు, అదీ షెడ్డు అద్దె, కరెంటు తీయకముందు. అదే టేబుల్ రెండోసారి 80 గంటల్లో అయింది, నాలుగోసారి 58. నా చెయ్యి మునుపటిలాగే ఆడుతోంది. ఏ ముక్క ముందు కోయాలో, ఏ కొలతకు అచ్చు చేసి దాచుకోవాలో తెలిసిందంతే. హాబీగా చేసినన్నాళ్లూ ప్రతిసారీ కొత్త వస్తువు మొదలుపెడతాం కాబట్టి ఇది మనకు అనుభవంలోకి రాదు.

ఆ మొదటి టేబుల్ ఆగస్టులో ఇచ్చాను. మే నెలలో ఫోన్ వచ్చింది, పై పలక మధ్యలో చీలిందని. తప్పు నాదే. పలకను కింది చట్రానికి స్క్రూలతో కదలకుండా బిగించేశాను. చెక్క వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో, అందులోనూ ఏసీ గదిలో, ముడుచుకుంటుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. మూడడుగుల వెడల్పు టేకు పలకలో కొన్ని మిల్లీమీటర్ల తేడా రావచ్చు. కదలడానికి చోటు లేకపోతే చీలక ఏం చేస్తుంది? చట్రంలో స్క్రూ రంధ్రాన్ని పలక వెడల్పు వైపుకు కాస్త కోలగా కోస్తే సరిపోయేది. నా ఖర్చుతో కొత్త పలక వేసిచ్చాను. అప్పటినుంచి తేమ మీటరు లేకుండా టింబర్ డిపోకు వెళ్లను. 12 శాతం దాటిన చెక్క కొన్నా, గాలి ఆడేలా షెడ్డులో పేర్చి ఆగుతాను. చేవ, అంటే మాను నడిమి ముదురు రంగు గట్టి చెక్క, ఎంతుందో పలక తిప్పి రెండు వైపులా చూస్తాను. బెరడు పక్కనుండే తెల్ల చెక్క ఎక్కువుంటే పురుగు పడుతుంది.

ఇవన్నీ వీడియోల్లో ఉన్నాయి, నేనూ చూశాను. కానీ నాకు పని నేర్పింది మల్కాజిగిరిలో ఒక మేస్త్రి గారు. ఏడాదిన్నర పాటు ఆదివారాలు ఆయన దగ్గరే ఉన్నాను. మొదటి నెలంతా ఉలి సాన పట్టడమే. చెక్క నునుపు చేసే రందా పడుతుంటే ఆయన చెక్క వైపు చూసేవారు కాదు, కింద పడే పొర తీసి వెలుతురుకు పట్టి చూసేవారు. మీరూ అలాంటివారిని వెతుక్కోండి, వెళ్లిన ప్రతిరోజుకూ కూలి ఇవ్వండి. ఊరికే నేర్పమని అడగకండి, అది వాళ్ల బతుకుతెరువు. యంత్రాల మీద శిక్షణ కావాలంటే బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో దానికోసమే ఒక కేంద్రం ఉంది.

పనిముట్లకు తొందరపడకండి. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో ఓపిగ్గా వెతికితే మంచి పాత ఉలులు దొరుకుతాయి, మిగతావి రాణిగంజ్‌లో. మాస్కు మాత్రం మొదటి రోజే కొనండి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ తేల్చింది.

డబ్బు సంగతి. ఆర్డర్ ఒప్పుకున్న రోజే సగం అడ్వాన్స్ తీసుకోండి, చెక్క దాంతోనే కొనాలి. మొదటి ఏడాది నాకు వచ్చిన ఆర్డర్లన్నీ దాదాపు బంధువులవే. మనవాళ్లే కదా అని ధర తగ్గించాను. వాళ్ల ద్వారా వచ్చినవాళ్లంతా అదే ధర అడిగారు. దాన్ని సరిచేసుకోవడానికి రెండేళ్లు పట్టింది. చివరికి గంటలు రాసుకున్న నోట్‌బుక్కే వాళ్ల ముందు పెట్టి మాట్లాడాను.