ఎఫ్1 కావాల్నా, ఎఫ్1బీ కావాల్నా? ముందు మూతి మీద బొచ్చు చూడండి

ప్రశ్న: డాక్టర్ సార్‌కు నమస్తే. మాది హన్మకొండ, నక్కలగుట్ట, అపార్ట్‌మెంట్ల మూడో ఫ్లోర్. కుక్కపిల్ల కావాలని పిల్లలు ఏడాది సంది పానం తీస్తున్నరు. మా అత్తమ్మకు ఆయాసం ఉంది, దుమ్ము పడదు, ఇంట్ల బొచ్చు రాలితే అస్సలు ఊకోదు. హైదరాబాద్‌ల ఒకాయన దగ్గర లాబ్రడూడిల్ (లాబ్రడార్, పూడిల్ క్రాస్, డూడిల్ అని గూడ అంటరు) పిల్లలున్నయట, ఎఫ్1కు ఒక రేటు, ఎఫ్1బీకి ఇంకా ఎక్కువ రేటు చెప్తున్నడు, ఎఫ్1బీ అయితే బొచ్చు ఊడది, అలర్జీ రాదు, గ్యారంటీ అంటున్నడు. ఈ ఎఫ్‌ల కథ ఏంది సార్, ఏది తీసుకోవాలె? – ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: అమ్మా, ఆ గ్యారంటీ మాట పక్కన పెట్టండి, మిగతాది సమజ్ చేసుకునుడు పెద్ద కష్టమేం కాదు. ఎఫ్ అంటే తరం, అంతే. అసలు లాబ్రడార్‌కు, అసలు పూడిల్‌కు (ఉంగరాల బొచ్చు, తక్కువ ఊడే జాతి) పుట్టింది ఎఫ్1, ఇది సగం సగం. ఆ ఎఫ్1ను మళ్ల ఒక పూడిల్‌తోని క్రాస్ చేస్తే పుట్టేది ఎఫ్1బీ, లెక్క ప్రకారం ముప్పావు పూడిల్, పావు లాబ్. రెండు ఎఫ్1లను కలిపితే ఎఫ్2. ఒక్క సంగతి మాత్రం అడగండి, బీ అంటే వెనక్కి తిప్పి ఏదో ఒక జాతితోని కలిపిన్రని మాత్రమే, అది పూడిలే కావాలని ఏం లేదు, లాబ్‌తోని కలిపి కూడా ఎఫ్1బీ అని అమ్మేటోళ్లు ఉంటరు, అప్పుడు మీరు ఎక్కువ పైసలు పెట్టి ఎక్కువ బొచ్చు ఊడే కుక్కను కొనుక్కున్నట్టు అయితది.

ఇగ బొచ్చు సంగతి. పూడిల్‌కు మూతి మీద మీసం, గడ్డం, కండ్ల మీద దట్టంగ కనుబొమ్మలు ఉంటయి గదా, వీటికి ఒక జీన్ ఉంది, ఆర్ఎస్‌పీఓ2 అంటరు. ప్రతి కుక్కకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలు వస్తయి. అండ్ల గడ్డం తెచ్చే రకం ఒక్క కాపీ ఉన్నా మీసం గడ్డం వస్తయి. పూడిల్‌కు రెండు కాపీలు, లాబ్‌కు ఒక్కటి గూడ లేదు. అందుకే ఎఫ్1 పిల్లలన్నిటికీ ఒక్కో కాపీ వస్తది, అన్నిటికీ గడ్డం ఉంటది. రెండు ఎఫ్1లను కలిపితే తిప్పలు మొదలైతది, సగటున నాలుగింట్ల ఒక పిల్లకు ఆ కాపీ ఒక్కటి గూడ రాదు, దాని మూతి లాబ్ లెక్క నున్నగ ఉంటది, బొచ్చు గూడ లాబ్ లెక్కనే ఊడుతది. పేరు మాత్రం డూడిలే, రేటు గూడ డూడిల్ రేటే. పూడిల్ వైపు కలిపిన ఎఫ్1బీల ఈ భయం లేదు, ప్రతి పిల్లకూ కనీసం ఒక కాపీ ఉంటది, సగం పిల్లలకు రెండు ఉంటయి.

మరి గడ్డం ఉంటే ఊడదా అంటే, తక్కువ ఊడుతది, కానీ ఊడుడు మీద ఎంసీ5ఆర్ అని ఇంకో జీన్ ప్రభావం గూడ ఉంది, ఎఫ్1కు లాబ్ నుంచి ఎక్కువ ఊడే కాపీ ఒకటి వస్తది, దాని పిల్లలైన ఎఫ్1బీలల్ల గూడ సగం వాటికి అది దిగుతది. ముప్పావు పూడిల్ అన్న లెక్క గూడ సగటు లెక్కే, ఒక్కో పిల్లకు కొంచెం అటు ఇటు అయితది. అందుకని ఎఫ్1బీల తక్కువ ఊడే చాన్స్ ఎక్కువ అని చెప్పొచ్చు, గ్యారంటీ అని చెప్పేటోని దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ రెండు జీన్లకు డీఎన్‌ఏ టెస్టులున్నయి, తల్లిదండ్రుల రిపోర్ట్ అడగండి, ఉంటే చూపిస్తడు, లేకుంటే మాట మారుస్తడు, అండ్లనే మీకు సగం సంగతి తెలుస్తది.

పిల్లను చూసేటప్పుడు వీడియో కాల్‌ల కాకుండ పోయి చూడండి, ఎనిమిది వారాల పిల్లను వెలుతురుకు తీసుకపోయి మూతిని పక్క నుంచి చూడండి. ముక్కు దగ్గర్నుంచి కండ్ల దాక బొచ్చు కొంచెం లేచి, చింపిరి చింపిరిగ, రెండు కండ్ల నడుమ గూడ పైకి నిలబడి ఉంటే అది గడ్డం వచ్చే పిల్ల. మూతి అంతా అతుక్కున్నట్టు నున్నగ ఉందంటే, ఒంటి మీద బొచ్చు ఎంత ఉంగరాలు తిరిగి ఉన్నా సరే, వద్దు. తర్వాత తల్లిని చూపియ్యమనండి, నల్ల ప్యాంటు వేసుకపోయి దాని పక్కన కాసేపు కూసుంటే చాలు, ప్యాంటే చెప్తది.

అలర్జీ ముచ్చట వేరే. కుక్క పడనోళ్లకు పడనిది బొచ్చు కాదు, దాని ఉమ్ముల, చర్మం పొట్టుల ఉండే ప్రొటీన్లు, అండ్ల ముఖ్యమైనది క్యాన్ ఎఫ్ 1 (ఈ ఎఫ్‌కు, పైన చెప్పిన తరం ఎఫ్‌కు సంబంధం లేదు). 2011ల అమెరికాల ఇండ్లల్ల దుమ్ము తీసి కొలిచిన్రు, 2012ల నెదర్లాండ్స్‌ల కుక్కల బొచ్చు, ఇండ్లల్ల గాలి గూడ చూసిన్రు, అలర్జీ రాదని పేరున్న జాతుల దగ్గర ఆ ప్రొటీన్ తక్కువ ఉంటదని గట్టి రుజువేం దొరకలే. అసలు లాబ్రడూడిల్‌కు పేరొచ్చిందే ఈ అలర్జీ తోని. 1989ల ఆస్ట్రేలియాల గుడ్డోళ్లకు కుక్కలను ట్రెయిన్ చేసే సంస్థల పనిచేసే వాలీ కాన్రన్, హవాయిల ఉండే చూపు లేని ఒకామె కోసం, ఆమె భర్తకు కుక్కలు పడవని, లాబ్‌ను పూడిల్‌తోని క్రాస్ చేయించిండు. మూడు పిల్లలు పుట్టినయి, వాటి బొచ్చు, ఉమ్ము హవాయికి పంపి చూస్తే ఆయనకు పడ్డది ఒక్క పిల్లనే. ఒక్క తల్లి కడుపున పుట్టిన పిల్లల్లనే అంత తేడా ఉన్నది. తర్వాత తర్వాత ఎవరు పడితే వాళ్లు డూడిళ్లు పుట్టిచ్చి అమ్ముడు చూసి, ఎందుకు చేసిన్నా అని ఆయనే బాధపడ్డడు.

కాబట్టి అత్తమ్మను ముందు ఛాతీ డాక్టర్‌కు చూపించండి, తర్వాత డూడిల్ ఉన్నోళ్ల ఇంటికి తీసుకపోయి గంట సేపు కూసుండబెట్టండి, ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు. ఆమెకు ఆయాసం లేస్తే ఏ ఎఫ్ అయినా వద్దు, పిల్లలు ఏడిస్తే ఏడ్వనియ్యండి.

ఇంకోటి, 2017 నాటి డాగ్ బ్రీడింగ్ రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మొద్దు, బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డుల రిజిస్ట్రేషన్ ఉండాలె. డూడిల్‌కు కెన్నెల్ క్లబ్ (కుక్క జాతిని రాసిచ్చే సంస్థ) పేపర్లున్నయి అంటే నమ్మకండి, క్రాస్‌లకు వాళ్లు పేపర్లు ఇయ్యరు, తల్లికి, తండ్రికి వేరు వేరుగ ఉండొచ్చు. నన్ను అడిగితే, తక్కువ బొచ్చు ఊడుడే ముఖ్యమైతే సీదా మినియేచర్ పూడిల్ తీసుకోండి, క్రాస్ ఎందుకు?

ప్రశ్న: సార్, మా ఎఫ్1బీ పిల్లకు ఎనిమిది నెలలు. బొచ్చు అయితే ఊడుతలేదు కానీ చెవుల ఎనక, చంకల్ల ఉన్ని ఉండల లెక్క గట్టిగ జడలు కట్టినయి. స్నానం చేపిస్తే ఇంకా బిగుసుకుంటున్నయి. గ్రూమింగ్ ఆయన మొత్తం గీకాలె అన్నడు. – కాజీపేట నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్మీ, ఊడని బొచ్చు ఎక్కడికి పోతది, లోపల్నే ఉండి ముడి పడుతది. ఆరు నెలల నుంచి ఏడాది దాక పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వస్తది, ఆ టైంలనే ఎక్కువ జడలు కడుతది. జడ ఉన్నప్పుడు తడిపితే అది బిగుస్తది, అందుకే స్నానానికి ముందే దువ్వాలె. పైపైన బ్రష్ కొట్టుడు కాదు, స్టీల్ దువ్వెన చర్మం దాక పోవాలె, చెవుల ఎనక, చంకలు, బెల్ట్ కింద, తోక మొదట్ల. కత్తెర మాత్రం పెట్టకండి, జడతోటి చర్మం గూడ లేస్తది, కోసుకుపోయినంక కుట్లకు మా దగ్గరికి పట్టుకొచ్చేటోళ్లు మస్తు మంది. ఇప్పుడు అంత గట్టిపడ్డయి అంటే ఆయన చెప్పిందే కరెక్ట్, మిషన్‌తోని పొట్టిగ తీపియ్యండి, మళ్ల పెరుగుతది. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గ్రూమింగ్ ఖర్చు తప్పదు. గీకినంక చర్మం మీద, చెవుల లోపల, వేళ్ల సందుల్ల గోమార్లు ఉన్నయేమో చూడండి, వానాకాలం మన దిక్కు ఎక్కువ, జడల కింద దాక్కుంటయి. తినకుండ మందంగ పడి ఉండి, జ్వరం ఉంటే అదే రోజు తీసుకురండి, గోమార్లతోని వచ్చే టిక్ ఫీవర్‌కు ఆలస్యం పనికిరాదు.

ప్రశ్న: మా పామరేనియన్‌కు ఎండకాలం గుండు కొట్టియ్యచ్చా? – ములుగు నుంచి ఒక పెద్దాయన

జవాబు: వద్దు పెద్దాయనా. దానికి రెండు పొరల బొచ్చు, గీకితే పైపొర సరిగ రాకపోవచ్చు, ఎండ సీదా చర్మానికి తగులుతది. లోపలి మెత్త బొచ్చును దువ్వి తీసేయండి, అది ఇల్లంతా ఊడుతది నిజమే, రోజు ఊడ్సుకోవాల్సిందే. పొద్దుగాల ఆరింటి లోపు తిప్పి, మళ్ల పొద్దుగూకినంకనే బయటికి తీయండి, నీళ్ల గిన్నె నీడకు పెట్టి మధ్యాహ్నం ఓసారి మార్చండి.