మాల తీసిన రోజు సాయంత్రమే మళ్లీ మొదలవుతోంది

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. దేవరకొండ దగ్గర ఊరు, మేస్త్రీ పని. పన్నెండేళ్లుగా తాగుతున్నా. పొద్దున చేతులు వణికితే కల్లు, సాయంత్రం క్వార్టర్. నాలుగేళ్లుగా అయ్యప్ప మాల వేస్తున్నా. ఆ 41 రోజులు చుక్క ముట్టను. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే దోస్తులతో దావత్. పోయినసారి మాల వేసిన మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నట్టు కనిపించాయి. మానేసినోళ్ల మీటింగులు ఉంటాయని మా బావ అంటున్నాడు. అక్కడ ఏం చేస్తారు? ఊళ్లో తెలిస్తే నాకు పని ఎవరిస్తారు? నా భార్య మాట్లాడక నెల దాటింది.

జవాబు: ముందు ఆ చీమల సంగతి. అది దేవుడి పరీక్ష కాదు, భ్రమ కాబట్టి వదిలేయదగ్గదీ కాదు. రోజూ తాగే ఒళ్లు ఒక్కసారిగా మందు ఆగిపోతే మొదటి రెండు రోజుల్లో వణుకు, చెమటలు వస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మూడు, నాలుగు రోజుల్లో కొందరికి లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలవుతుంది. దీంతో ప్రాణం పోయినవాళ్లున్నారు. మీరు బయటపడ్డారు, ఈసారి కూడా అలాగే అవుతుందని అనుకోవద్దు.

మీకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. మన దగ్గర చాలా దుకాణాల్లో అమ్మేది చెట్టు కల్లు కాదు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపినది. అది ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మందు దొరక్క ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో అప్పటి వార్తల్లో చూసే ఉంటారు. అందుకే ఇంట్లో పంతం పట్టి ఆపకండి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. రోజుకు ఎంత మందు, ఎన్ని సీసాల కల్లు, ఆ చీమలు, ఏదీ దాచకుండా చెప్పండి. కొద్ది రోజులు మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు.

ఇక అసలు విషయం. మీకు మనోబలం లేదని మీరు అనుకుంటూ ఉండొచ్చు. నాలుగుసార్లు 41 రోజులు ఉండగలిగిన మనిషి గురించి నేనలా అనుకోను. ఆ రోజుల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున లేపే గురుస్వామి ఉన్నాడు. సాయంత్రం వైన్స్ వైపు కాళ్లు పోయే వేళకు భజన ఉంది. చుట్టూ అందరూ అదే నియమంలో ఉన్నవాళ్లు. మిమ్మల్ని ‘స్వామి’ అని పిలిచారు, ‘తాగుబోతు’ అని కాదు. దేవుడి మీద భక్తి ఎంత నిలబెట్టిందో, ఆ తోడు కూడా అంతే నిలబెట్టింది. మాల తీశాక భక్తి పోలేదు, ఆ గుంపు విడిపోయింది. సాయంత్రం ఖాళీ అయింది.

మీ బావ చెప్పిన మీటింగులు విడిపోని గుంపు. ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో మొదలైంది. పని మీద ఆ ఊరికి వచ్చిన ఒక షేర్ల వ్యాపారికి తాగాలనిపించింది. బార్‌లోకి వెళ్లకుండా, తనలాంటి తాగుబోతు ఇంకెవరైనా ఉన్నారా అని ఫోన్లు చేశాడు. ఒక సర్జన్ దొరికాడు. ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. ఇప్పటికీ జరిగేది అదే.

గంటా, గంటన్నర కూర్చుంటారు. ఒకరు తన కథ చెబుతారు, మిగతావాళ్లు మధ్యలో ఆపరు, తీర్పు చెప్పరు. మొదటి రోజు మీరు ఊరికే విన్నా చాలు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ‘జన్మలో తాగను’ అని ఒట్టు వేయించరు, ఈ రోజుకి ముట్టకుండా ఉండమంటారు. కొన్నిచోట్ల చర్చి గదిలో జరుగుతాయి, మతం మారుస్తారని భయపడకండి. మీ అయ్యప్ప మీకే ఉంటాడు. ముందుగా మానేసినవాళ్లలో ఒకరు మీకు పెద్దదిక్కుగా ఉంటారు. రాత్రి పదింటికి మనసు లాగితే వాళ్లకు ఫోన్ చేయొచ్చు.

పేరు బయటపెట్టకపోవడం వాళ్ల ముఖ్యమైన కట్టుబాటు. ఇంటిపేరు అడగరు. అయినా నల్లగొండలో తెలిసినవాళ్లు కనిపిస్తారని బెరుకుగా ఉంటే హైదరాబాద్‌లో మీటింగుకు వెళ్లండి, లేదా ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగులో చేరండి. నిజానికి పని ఇచ్చేవాళ్లకు మీరు తాగుతారని ఇప్పటికే తెలుసు. వాళ్లకు తెలియనిది మీరు మానాలనుకుంటున్నారన్న సంగతే. దగ్గర్లో మీటింగు ఎక్కడుందో ఆసుపత్రిలోనే అడగండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడానికి 14446 కూడా ఉంది. ఒక గుంపులో మనసు కుదరకపోతే ఇంకోటి చూడండి. ఒక్కరోజు చూసి వదిలేయకండి.

మీ భార్యను ఇప్పుడే మాట్లాడమని బతిమాలకండి. నాలుగుసార్లు ఆశపడి నాలుగుసార్లు దెబ్బతిన్న మనిషి ఆమె. తాగేవారి ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉన్నాయి, ఆ సంగతి మాత్రం చెప్పండి. ఒకటి నేనే ఆమెతో చెబుతున్నానమ్మా: తెలియకుండా అన్నంలో కలిపే మందు అని ఎవరైనా అమ్మితే కొనకండి. అలా వాడే కొన్ని మందులు ఒంట్లో ఉండగా తాగితే ప్రాణానికే ముప్పు.

ఈ ఏడూ మాల వేస్తే ఆసుపత్రికి వెళ్లాకే వేయండి. దీక్షలో ఉండగానే మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టండి. మాల తీసే రోజు సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో, ఎవరు మీ వెంట వస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి. దావత్‌కు పిలిచే దోస్తులకు ఆ రోజు ఫోన్ ఎత్తకండి.